వానాకాలం చెకప్ ప్యాకేజీ: ఏ లైనుకు డబ్బు పెట్టాలి, ఏది కొట్టేయించాలి

మృగశిర కార్తె రాకముందే సర్వీస్ సెంటర్ల ఫోన్లు మొదలవుతాయి. ‘మాన్‌సూన్ క్యాంప్ నడుస్తోంది సర్, ముప్పై పాయింట్లు ఫ్రీగా చూస్తాం, బండి పంపించండి’ అంటారు. కొన్నిచోట్ల నిజంగానే ఉచితం, కొన్నిచోట్ల వెయ్యి నుంచి రెండు వేలు. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ క్యాంపు గురించో కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఎక్కడికి వెళ్లినా, చేయాల్సిన పనులు రాసే జాబ్ కార్డు మీద కాస్త అటూఇటూగా అవే లైన్లు ఉంటాయి. చూడాల్సింది ఆ లైన్లను.

తీర్పు ముందే చెప్పేస్తే: చెకప్ మంచిదే, దాని వెనకాల వచ్చే ఎస్టిమేట్‌తోనే పేచీ. వానలో కారును రోడ్డు మీద నిలబెట్టేవి టైర్లు, అద్దం, బ్రేకులు. లోపలికి నీరు రాకుండా చూసేవి నాలుగైదు చిన్న రంధ్రాలు. ఎస్టిమేట్‌లో పెద్ద అంకెలు మాత్రం కోటింగుల దగ్గర, ఫోమ్ క్లీనింగుల దగ్గర ఉంటాయి. ఇక కారు రాత్రంతా నిలబడే సెల్లార్ ఏ ప్యాకేజీలోనూ ఉండదు. అది అపార్ట్‌మెంటు వాళ్లే చూసుకోవాలి.

మొదటి లైను టైర్లు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. గాడిలో అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి, టైరు పక్క గోడ మీద వాటికి ఎదురుగా చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అన్న అక్షరాలో ఉంటాయి. గ్రిప్పు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే 1.6కు వచ్చినట్టే. అది చట్టం లెక్క, వాన లెక్క వేరు. గాడి పని నీటిని పక్కలకు తోసేయడం. మూడు మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ పని మందగిస్తుంది. వేగం పెరిగేకొద్దీ నీటిని తోయడానికి టైరుకు సమయం చాలదు. చివరకు రోడ్డును వదిలి నీటి మీద తేలుతుంది. ఆ క్షణంలో స్టీరింగ్ ఒక్కసారిగా దూదిలా తేలికైపోతుంది. అప్పుడు బ్రేకు తొక్కకూడదు, చక్రం తిప్పకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే వేగం తగ్గి టైరు మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 120 కిలోమీటర్ల దాకా అనుమతి ఉన్నది పొడి రోడ్డుకు. వర్షంలో 80 దాటించడానికి, యాక్సిలరేటర్ తొక్కకుండానే ఒకే వేగం నిలిపే క్రూజ్ కంట్రోల్ పెట్టుకోవడానికి అది లైసెన్సు కాదు.

సర్వీస్ అడ్వైజర్ ‘టైర్లు ఓకే’ అంటే సరిపోదు. నాలుగు టైర్లకూ, స్టెప్నీకీ గాడి లోతు ఎంతో కార్డు మీద మిల్లీమీటర్లలో రాయించండి. ప్రతి టైరుకూ లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడూ కొలవాలి. లోపలి అంచు ఒక్కటే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తేడా. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే గాలి తక్కువ. గాడి లోతుగా ఉన్నా పాత టైరు వానలో జారుతుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్లే పగులుతాయంటారు, రబ్బరు గట్టిపడటంలో వింతేముంది. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. ఉదాహరణకు 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఐదారేళ్లు దాటి, గోరు గుచ్చినా దిగని గట్టి రబ్బరు అయిందంటే గ్రిప్పు ఉన్నా మార్చడమే మేలు.

రెండు టైర్లే మారిస్తే కొత్తవి వెనక వేయించాలి. ముందు చక్రాలే బండిని లాగుతాయి కదా అని చాలా షాపుల్లో ముందు వేసేస్తారు. ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే మళ్లీ మాట వింటుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని ఆపడం మామూలు డ్రైవరు వల్ల కాదు. గాలి విషయంలో ఇంకో అపోహ ఉంది: వానాకాలంలో గాలి తగ్గిస్తే పట్టు బాగుంటుందట. ఉల్టా. గాలి తగ్గితే టైరు మధ్య భాగం లోపలికి వంగి, నీటిని తోయలేక త్వరగా తేలుతుంది. డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఎంత రాసి ఉంటే అంత, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. మామూలు గాలి బదులు నైట్రోజన్ నింపే లైనును కార్డు మీంచి కొట్టేయించండి.

రెండో లైను వైపర్లు. ఇది కూడా డబ్బు పెట్టాల్సిన చోటే, కానీ సర్వీస్ సెంటర్‌లోనే కొనాలనేమీ లేదు. మామూలు ఫ్రేము బ్లేడ్ల జత మూడు నాలుగు వందలకు, ఫ్రేములేనివి ఆరేడు వందల నుంచి పన్నెండు వందలకు బయట దొరుకుతాయి. కొనే ముందు పాత బ్లేడు కొలవండి. డ్రైవర్ వైపు, పక్క వైపు పొడవులు చాలా కార్లలో వేరు. రెండూ ఒకే సైజు కొంటే ఒకదానికొకటి తగులుతాయి. మన దగ్గర చాలా కార్లకు కొక్కెం రకం బిగింపే. కొన్నిటికి మాత్రం నొక్కి తీసేవి ఉంటాయి. పాత బ్లేడు ఫోటో షాపులో చూపిస్తే చాలు.

బ్లేడు మారుస్తున్నప్పుడు అద్దం మీద మడతపెట్టిన తువ్వాలు పరచాలి. బ్లేడు తీశాక లేచి ఉన్న ఇనుప చెయ్యి స్ప్రింగు బలానికి టక్కున పడిందంటే అద్దం పగులుతుంది. మూడు వందల బ్లేడ్లకు వేల రూపాయల అద్దం బలి. ఇంకో చిన్న పొరపాటు: కొత్త బ్లేడు రబ్బరు మీద పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, దాన్ని లాగేయకుండా బిగిస్తారు. తర్వాత ‘కొత్తవి కూడా తుడవట్లేదు’ అని ఫిర్యాదు.

బ్లేడు మార్చినా మసకగానే ఉంటే తప్పు అద్దానిది. డీజిల్ పొగ, రోడ్డు నూనె, వాషింగ్‌లో కొట్టే మైనం పాలిష్ కలిసి అద్దం మీద జిడ్డు పొర కడతాయి. పగలు కనబడదు. రాత్రి ఎదురుగా లైటు పడగానే అద్దమంతా తెల్లగా పరుచుకుంటుంది. షాంపూకు అది పోదు. గ్లాస్ పాలిష్ పౌడర్ లేదా క్రీము తడి స్పాంజితో వేసి గుండ్రంగా రుద్దాలి. నీళ్లు పోస్తే ముత్యాల్లా విడిపోకుండా పల్చటి పొరలా జారిందంటే జిడ్డు వదిలినట్టు. పని అరగంట. ప్యాకేజీలో ఇది ఉంటే తీసుకోండి, చాలా వాటిలో ఉండదు.

దాని బదులు అమ్మేది నీరు నిలవకుండా చేసే గ్లాస్ కోటింగ్. హైవే మీద దానికి సాటి లేదు. అరవై దాటితే గాలికే చుక్కలు పైకి కొట్టుకుపోతాయి. సిటీ ట్రాఫిక్‌లో పది, ఇరవై వేగంతో కదిలే కారుకు మాత్రం చుక్కలు విడివిడిగా నిలిచిపోతాయి, సన్న జల్లుకు వైపర్ కటకటమని ఎగిరెగిరి పడుతుంది. జిడ్డు తీయకుండా పైన పూస్తే అసలే దండగ. బాటిల్‌గా కొని ఇంట్లో పూసుకునేది కొన్ని వారాలకు పోతుంది. రోజూ ఆఫీసుకూ ఇంటికీ మధ్య తిరిగే బండికి సైడ్ మిర్రర్ల మీద, వెనక అద్దం మీద పూసుకుంటే చాలు.

అద్దం మీద ఆవిరికి ఏ లైనూ అవసరం లేదు, ఏసీ వాడటం తెలిస్తే చాలు. వేలితో లోపల గీయండి. గీత పడితే ఆవిరి లోపలిది. ఏసీ వేసి, గాలిని ముందు అద్దం వైపు తిప్పి, లోపలి గాలినే తిప్పే బటన్ ఆఫ్ చేసి బయటి గాలి రానివ్వాలి. గీత పడకపోతే ఆవిరి బయటిది. ఏసీ చల్లదనానికి అద్దం చల్లబడి బయటి తేమ దాని మీద పేరుకుంది. అప్పుడు వైపర్ ఒకసారి వేసి, గాలిని అద్దం మీద నుంచి తప్పించి, చల్లదనం తగ్గించాలి. బయటి ఆవిరికి లోపల గుడ్డతో ఎంత తుడిచినా లాభం లేదు.

జాబ్ కార్డులో చాలాసార్లు కనబడనిది, పట్టుబట్టి రాయించాల్సింది ఒకటుంది: నీరు పోయే దారులు. బానెట్ తెరిస్తే వైపర్ల కింద నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. చెట్టు కింద నిలిపే బండిలో దాని అడుగున వేపాకులు, తురాయి రేకలు, మట్టి కలిసి ముద్దై కూర్చుంటాయి. కింద నీరు దిగే గొట్టం మూసుకుపోతుంది. వాన గట్టిగా పడితే ఆ నీరు ఏసీ బ్లోయర్ గుండా లోపలికి దిగి పక్క సీటు కాళ్ల దగ్గర మ్యాటును నానబెడుతుంది. మ్యాటు కింద వైరింగ్ ఉంటుంది. వారం తర్వాత ముక్కవాసన, నెల తర్వాత ఎక్కడెక్కడో లైట్లు వెలగడం. సర్వీస్ సెంటర్ ఇంటీరియర్ ఫోమ్ క్లీనింగ్ చేసి రెండు వేలు తీసుకుంటుంది, ఆకులు అక్కడే ఉంటాయి.

కాళ్ల దగ్గర నీరు మూడు చోట్ల నుంచి రావచ్చు. వాన పడకపోయినా తడిగా ఉంటే ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయింది. వాన పడ్డాకే తడిస్తే వైపర్ల కింది జాలీ. సన్‌రూఫ్ కారులో సీలింగ్ మూలల నుంచి మరక దిగితే సన్‌రూఫ్ డ్రెయిన్ గొట్టం. తలుపుల అడుగు అంచునా రెండు మూడు సన్న రంధ్రాలు ఉంటాయి. తలుపు ఊపితే లోపల నీరు గలగలమంటే అవి బురదతో పూడాయన్నమాట. ప్లాస్టిక్ కేబుల్ టై దూర్చి తీయొచ్చు. ఇనుప తీగ వద్దు, పెయింటు గీసుకుని తుప్పుకు అదే మొదలు.

అందుకే కారు అడుగున కొట్టే అండర్‌బాడీ కోటింగ్ దగ్గర జాగ్రత్త. నాలుగైదు వేల లైను, ప్యాకేజీల్లో అన్నిటికన్నా గట్టిగా అంటగట్టేదీ ఇదే. కొత్త కార్లకు ఫ్యాక్టరీలోనే అడుగున పూత వస్తుంది. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ బండ్లకు, ఏళ్లు గడిచి పూత పెచ్చులూడిన వాటికి ఉపయోగమే. కానీ ముందు అడుగంతా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, తుప్పు గీకాక కొట్టాలి. పొద్దున బండి ఇచ్చి సాయంత్రానికి తీసుకునే క్యాంపుల్లో ఆరడానికి సమయమెక్కడిది? తడి మీద, బురద మీద నల్ల పూత కొడితే తేమ లోపలే బందీ అయి తుప్పు మరింత పట్టుకుంటుంది. పైగా కొట్టేవాడు చూసుకోకపోతే తలుపుల కింది రంధ్రాలూ మూసుకుపోతాయి.

ఎలుకల స్ప్రేకు కొన్ని రోజులే వాసన. వానకు బిలాలు మునిగి ఎలుకలు ఇంజిన్ వెచ్చదనానికి చేరడం, వైర్లు కొరకడం మాత్రం నిజమైన బెడద. కింద నుంచి దూరే సందులకు సన్న ఇనుప జాలీ బిగిస్తే అది నిలుస్తుంది. బ్యాటరీ టెస్టు ఎలాగూ ఉచితమే, చేయించండి. ఆపిన ఇంజిన్ మీద 12.6 వోల్టుల దగ్గర, స్టార్టయ్యాక 14 దగ్గర చూపించాలి. పసుపెక్కిన హెడ్‌లైట్ కవర్లకు పాలిష్ తప్పకుండా చేయించాలి. హజార్డ్ లైట్లు వేసుకుని వానలో నడిపేవాళ్లకు ఏ ప్యాకేజీ మందు లేదు. నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటుంటే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి ఎలా తెలుస్తుంది? డిమ్ లైటు చాలు.

బ్రేకుల్లో ప్యాడ్ మందం మూడు మిల్లీమీటర్లకు దగ్గరైతే మార్చాలి. అంతకంటే తరచుగా వచ్చే తంటా హ్యాండ్ బ్రేకుది. తడిసిన బండిని గట్టిగా హ్యాండ్ బ్రేకు లాగి రెండు మూడు రోజులు వదిలేస్తే వెనక డ్రమ్ములో లైనింగ్ తుప్పుతో అతుక్కుంటుంది. బలవంతంగా కదిలిస్తే టక్కుమని వదలొచ్చు, లైనింగ్ ఊడిరావచ్చు. సమతలంలో ఎక్కువ రోజులు నిలపాలంటే గేర్లో వదిలి, చక్రం కింద దిమ్మె పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. నీళ్లలోంచి బయటపడ్డాక నెమ్మదిగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకును తేలిగ్గా తాకిస్తే ప్యాడ్లు ఆరతాయి.

ఇక సెల్లార్. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో వేల బండ్లు మునిగాయి. వాటిలో రోడ్డు మీద తిరుగుతున్నవి తక్కువ, ఇంటి దగ్గర నిలిపినవే ఎక్కువ. అంత వరద రాకపోయినా గంటసేపు కుండపోత చాలు, సెల్లార్ నిండటానికి. ఎక్కడ దెబ్బతింటుందంటే, సెల్లార్ నీరు చేరే గుంట, అంటే సంపులోంచి బయటకు తోడే మోటారు చాలాచోట్ల జనరేటర్ లైను మీద ఉండదు. లిఫ్టు, కారిడార్ లైట్లు ఉంటాయి. గట్టి వానకు కరెంటు పోతుంది, సరిగ్గా అప్పుడే మోటారు ఆగుతుంది. రెండోది, నీరు పెరిగితే తేలి మోటారును వేసే ఫ్లోట్ స్విచ్. సంపులో పడ్డ పాలిథీన్ కవరుకు చిక్కుకుంటే నీరు పెరిగినా అది లేవదు. మూడోది, మోటారు బయటకు తోసే పైపుకు నీటిని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ లేకపోవడం. వీధి డ్రైనేజీ నిండగానే ఆ పైపులోంచే మురుగు వెనక్కి సెల్లార్‌లోకి వస్తుంది. మోటారు మంచిదే, గేటు దగ్గర నీరు లేదు, అయినా సెల్లార్ నిండుతోందంటే కారణం ఇదే.

జూన్‌కు ముందే సంపులో నాలుగు బకెట్లు పోసి ఫ్లోట్ లేస్తోందా, కరెంటు ఆపినప్పుడు జనరేటర్ మీద మోటారు తిరుగుతోందా అని అసోసియేషన్ వాళ్లు చూడాలి. ర్యాంపు పైన రోడ్డు కంటే ఎత్తుగా అడ్డ దిమ్మె ఉండాలి, మరీ నిటారుగా ఉంటే కారు అడుగు తగులుతుంది కాబట్టి రెండు వైపులా వాలు ఇవ్వాలి. ఏటా రోడ్డు మీద తారు పొరలు వేస్తూ పోతే పాత దిమ్మె రోడ్డుకు సమానమైపోతుంది, ఎవరూ గమనించరు. గేటు రెండు పక్కల గోడల్లో గాడి చేయించి, పలకలు దించేలా పెట్టుకుంటే ఇసుక బస్తాల కంటే నయం. బస్తాలే అయితే ముందు టార్పాలిన్ పరిచి, రెండు వరసలు ఇటుకల్లా అడ్డదిడ్డంగా పేర్చాలి.

ర్యాంపు అడుగున ఉండే ఇనుప జాలీ బైకుల పాలిట గండం. తడి ఇనుము మీద బండి వంచితే జారుతుంది. నిటారుగా దాటి ఆ తర్వాతే మలుపు తీసుకోవాలి. మాల్ పార్కింగుల్లో నున్నటి ఎపాక్సీ నేలదీ ఇదే కథ. తడి టైరు కీచుమంటుంటే వేగం ఎక్కువైనట్టే, పది దాటకూడదు. రివర్స్ కెమెరా లెన్స్ మీద ఒక్క చుక్క ఉన్నా పిల్లలు కనబడరు. బురద అంటిన పార్కింగ్ సెన్సర్ ఏమీ లేకపోయినా కూస్తుంది, లేదా అసలు కూయదు. దిగి వేలితో తుడిచి, వెనక ఒకసారి చూసి ఎక్కాలి.

నీరు దిగుతున్న సెల్లార్‌లోకి కారు తేవడానికి మాత్రం వెళ్లొద్దు. కరెంటు ప్యానెల్ అక్కడే ఉంటుంది, ర్యాంపు మీద నీటి తోపుడుకు మనిషి నిలబడలేడు. లిఫ్టును పై అంతస్తుకు పంపి ఆపేయాలి, ఈవీ (ఎలక్ట్రిక్ కారు) చార్జింగ్ పాయింటు ఎంసీబీ స్విచ్ దించాలి. ఈవీ బ్యాటరీకి నీరు చొరబడదనే ఐపీ67 రేటింగు ఉందని ధైర్యం వద్దు. అది మీటరు లోతు నీటిలో అరగంట పెట్టి చేసే పరీక్ష, రాత్రంతా మురుగులో నానడానికి కాదు. భారీ వాన హెచ్చరిక వచ్చినప్పుడే బండిని మెరకకు చేర్చాలి. 2023 డిసెంబరు తుపానుకు చెన్నై వాళ్లు వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద కార్లు వరసగా నిలిపారు. ట్రాఫిక్ పరంగా తప్పే అయినా, ఆలోచన తప్పని ఎలా అంటాం?

మునిగిన కారును, నీళ్లలో ఆగిపోయిన కారును స్టార్ట్ చేయకూడదు, ఒక్కసారి కూడా. గాలి వెళ్లే దారిలో నీరు సిలిండర్లోకి చేరుతుంది. గాలిలా నీరు నొక్కుకుపోదు, పిస్టన్ పైకి రాలేక దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్టార్ట్ చేయకుండా, బండిని మొత్తం ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ మీద పంపితే ప్లగ్గులు విప్పి నీరు తీసి, ఆయిలు, ఫిల్టర్లు మార్చడంతో బయటపడొచ్చు. స్టార్ట్ చేస్తే ఇంజిన్ విప్పాల్సిందే. కాంప్రిహెన్సివ్ పాలసీ వరద నష్టానికి వర్తిస్తుంది కానీ, ఇంజిన్‌లో నీరు పోయి జరిగే నష్టానికి పాలసీకి అదనంగా కొనే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉండాలి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. ప్యాకేజీలో కోటింగ్ కొట్టేయించి, మిగిలిన డబ్బు ఈ యాడ్ ఆన్‌కు పెట్టడం మంచి బేరం. క్లెయిమ్‌కు నీటి మరక ఎంత ఎత్తులో ఉందో కనబడేలా కడగకముందే ఫోటోలు తీయాలి.

అద్దం పగలగొట్టే సుత్తి రెండు మూడు వందలు. అండర్‌పాస్‌లో ఎంత నీరుందో కంటికి ఆనదు. 2023 మేలో బెంగళూరు కేఆర్ సర్కిల్ అండర్‌పాస్ నీటిలో చిక్కుకున్న కారులో ఉన్నది తెలుగు కుటుంబమే, వాళ్లలో ఒక అమ్మాయి ప్రాణం దక్కలేదు. సుత్తిని డ్యాష్‌బోర్డులో కాదు, సీటులోంచి చెయ్యి అందే చోట బిగించాలి. ముందు అద్దం మీద కొట్టొద్దు, అది పగిలినా రాలదు. పక్క అద్దం మూలన కొట్టాలి. అంతకంటే ముందు, కరెంటు ఉన్నప్పుడే అద్దాలు దించేయడం, బెల్టు తీయడం.

మొత్తానికి ఉచిత చెకప్ తీసుకోండి. టైర్లు, బ్లేడ్లు, గ్లాస్ పాలిష్, నీటి దారుల శుభ్రం, అవసరమైతే ప్యాడ్లు, హెడ్‌లైట్ పాలిష్, ఇవి రాయించండి. మిగతావి సంతకం పెట్టేముందే కొట్టేయించండి, మార్చిన పాత భాగాలు డిక్కీలో పెట్టమని కార్డు మీదే రాయించండి. డెలివరీ తీసుకునేటప్పుడు రెండు లీటర్ల నీళ్ల సీసా వెంట తీసుకెళ్లి, వైపర్ల కింది జాలీలో నిదానంగా పోయండి. బండి పక్కన కూర్చుని చూడండి. చాలా కార్లలో ముందు చక్రాల వెనక నుంచి నీరు ధారగా దిగాలి. నీరు దిగకపోయినా, చుక్కలు చుక్కలుగా కారినా, బిల్లు కట్టకుండా బండిని మళ్లీ లోపలికి పంపండి.